ధమనీ రక్త వాయు పరీక్ష: నమూనా సేకరణలో దోషాలు

నిర్వచనం, పరిధి

ధమని నుంచి తీసిన ఒకటి రెండు మిల్లీలీటర్ల రక్తంలో పీహెచ్‌ను, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్‌ల పాక్షిక పీడనాలను నేరుగా కొలిచి, వాటి నుంచి బైకార్బొనేట్ వంటి విలువలను లెక్కకట్టే పరీక్షను ధమనీ రక్త వాయు పరీక్ష అంటారు. ఆసుపత్రి వాడుకలో దీని పేరు ఏబీజీ. ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను ఎంత అందిస్తున్నాయి, కార్బన్ డయాక్సైడ్‌ను ఎంత బయటికి పంపుతున్నాయి, రక్తంలో ఆమ్ల-క్షార సమతుల్యత ఎలా ఉంది అనే మూడు ప్రశ్నలకు ఇది కొద్ది నిమిషాల్లో జవాబు చెబుతుంది. అందుకే ఐసీయూల్లో వెంటిలేటర్ అమరికలు మార్చడానికైనా, రోగికి గొంతులో గొట్టం వెయ్యాలా వద్దా అని తేల్చడానికైనా ముందుగా చూసేది ఈ నివేదికనే.

పెద్దవారిలో, సముద్రమట్టం దగ్గర సాధారణ విలువలు ఇవి: పీహెచ్ 7.35–7.45, కార్బన్ డయాక్సైడ్ పీడనం 35–45 మి.మీ. పాదరసం, ఆక్సిజన్ పీడనం 80–100 మి.మీ.; బైకార్బొనేట్ లీటరుకు 22–26 మిల్లీ ఈక్వివలెంట్లు. ఇకపై ‘మి.మీ.’ అన్నచోటల్లా పాదరసపు మిల్లీమీటర్లనే అర్థం.

సూది గుచ్చడానికి ముందు రోగిని సిద్ధం చేయడం మొదలుకొని సిరంజిని యంత్రానికి అందించేదాకా జరిగే పనుల్లో ఏదైనా రక్తపు అసలు స్థితిని మార్చితే అది నమూనా దోషం. రక్త పరీక్షలన్నిటికీ ఈ బెడద ఉన్నా వాయు పరీక్షకు రెండింతలు. వాయువులు కంటికి కనిపించకుండా రక్తంలోకి వస్తాయి, పోతాయి. రక్తకణాలు సిరంజిలో కూడా బతికే ఉండి ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. పైగా చెడిపోయిన నమూనా ఇచ్చే అంకెలు వింతగా ఉండవు. ఏదో ఒక జబ్బును పోలి ఉంటాయి. ఈ దోషాల్లో అసలు ప్రమాదం అదే.

చరిత్ర

మనిషి ధమనిలో సూది గుచ్చి రక్తం తీసి పరీక్షించిన తొలి నివేదిక 1912లో జర్మనీ వైద్యుడు హ్యూర్టర్ పేరిట వెలువడింది. 1919లో అమెరికాలో విలియం స్టాడీ న్యుమోనియా రోగుల ధమనీ రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచి, ఒళ్లు నీలంగా మారడానికి కారణం ఆక్సిజన్ కొరతేనని చూపాడు. లారెన్స్ హెండర్సన్ 1908లో ప్రతిపాదించిన సమీకరణాన్ని 1916లో కార్ల్ హాసెల్‌బాల్క్ లాగరిథమ్ రూపంలోకి మార్చడంతో నేటి యంత్రాలు వాడే సూత్రం సిద్ధమైంది.

ఈ పరీక్షను వార్డు పక్కకు తెచ్చింది 1952 నాటి కోపెన్‌హాగెన్ పోలియో విజృంభణ. బ్లెగ్డమ్ ఆసుపత్రిలో మొదటి కొన్ని వారాల్లో శ్వాస కండరాలు చచ్చుబడ్డ 31 మందిలో 27 మంది చనిపోయారు. వాళ్ల రక్తంలో మొత్తం కార్బన్ డయాక్సైడ్ పరిమాణం బాగా ఎక్కువగా ఉండటం చూసి వైద్యులు దాన్ని క్షారతగా భావించారు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ అది క్షారత కాదని, ఊపిరి ఆడక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడమని వాదించాడు. పీహెచ్ కొలిస్తే అతని మాటే నిజమైంది. వైద్య విద్యార్థులు వంతులవారీగా రబ్బరు సంచి నొక్కుతూ రోగులకు ఊపిరి పోశారు. అదే ఆసుపత్రి ప్రయోగశాల అధిపతి పౌల్ ఆస్ట్రప్ ఆ తర్వాత రక్త వాయు కొలతలకు సులువైన పద్ధతిని రూపొందించాడు. అంటే ఈ పరీక్ష పుట్టుక వెనుక ఉన్నదే ఒక అంకెను తప్పుగా చదివిన ఉదంతం.

1954లో రిచర్డ్ స్టో కార్బన్ డయాక్సైడ్ ఎలక్ట్రోడ్‌ను, 1956 నాటికి లీలాండ్ క్లార్క్ ఆక్సిజన్ ఎలక్ట్రోడ్‌ను వెలుగులోకి తెచ్చారు. 1950వ దశకం చివర్లో జాన్ సెవరింగ్‌హౌస్, ఫ్రీమన్ బ్రాడ్లీ వీటిని పీహెచ్ ఎలక్ట్రోడ్‌తో కలిపి ఒకే యంత్రంగా అమర్చారు. యంత్రం నమ్మదగినదయ్యేకొద్దీ లోపం యంత్రం ముందరి దశకు జరిగింది.

వర్గీకరణ

ప్రయోగశాల శాస్త్రం దోషాలను మూడుగా విభజిస్తుంది: కొలతకు ముందువి, కొలతలోవి, కొలత తర్వాతవి. వైద్య ప్రయోగశాలల్లో జరిగే పొరపాట్లలో పెద్ద భాగం మొదటి వర్గానిదే. రక్త వాయు పరీక్షలో యంత్రం తనను తాను గంటల వ్యవధిలో సరిచూసుకుంటుంది. సిరంజి పట్టుకున్న చేతికి అటువంటి ఏర్పాటు లేదు. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ చోటు మొదటి వర్గానికే.

సూదికి ముందు: రోగి స్థితి

ఆక్సిజన్ శాతాన్నో వెంటిలేటర్ అమరికనో మార్చాక రక్తంలోని వాయువులు కొత్త స్థాయికి చేరడానికి 20–30 నిమిషాలు పడుతుంది. దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధి ఉన్నవారిలో ఇంకొంచెం ఎక్కువే. ఆలోపు తీసిన రక్తం పాత అమరికకూ చెందదు, కొత్తదానికీ చెందదు. కఫం పీల్చిన వెంటనే, ఫిజియోథెరపీ ముగిసిన వెంటనే తీసినా ఇదే చిక్కు.

నొప్పి, భయం మరో కారణం. మణికట్టులో సూది వెతుకుతుంటే మెలకువగా ఉన్న రోగి ఎగశ్వాస పడతాడు, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, పీహెచ్ పెరుగుతుంది. కొందరు ఊపిరి బిగబడతారు, అప్పుడు ఫలితం తారుమారు. పసిపిల్లల్లో ఏడుపు ఒక్కటే ఆక్సిజన్ విలువను మార్చగలదు. చర్మం కింద కొద్దిగా లిగ్నోకెయిన్ మత్తుమందు వేసి ఒకటి రెండు నిమిషాలు ఆగితే ఈ దోషం చాలావరకు తప్పుతుంది. వార్డుల్లో ఈ పని తరచుగా వదిలేసేది తీరిక లేకే.

ధమని బదులు సిర

మణికట్టు దగ్గరి రేడియల్ ధమని మొదటి ఎంపిక. అది పైపైనే ఉంటుంది, పక్కన పెద్ద సిర లేదు. గజ్జలోని ఫెమోరల్ ధమనికి ఆనుకుని లోపలివైపు అంతే పెద్ద సిర ఉంటుంది. రక్తపోటు పడిపోయి మణికట్టు నాడి దొరకని రోగికి గజ్జలోనే గుచ్చుతారు కనుక పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఉన్న చోటు, ఎక్కువ ప్రమాదంలో ఉన్న రోగి ఒక్కచోట కలుస్తారు.

మామూలుగా ధమనీ రక్తం ఎర్రగా ఉంటుంది, నాడి తోపుకు సిరంజి పిస్టన్‌ను తనే వెనక్కి నెడుతుంది. షాక్‌లో ఉన్నవారిలో ఈ రెండు గుర్తులూ పనికిరావు. ఆక్సిజన్ తక్కువైతే ధమనీ రక్తమూ నల్లబడుతుంది. సిర రక్తంలో ఆక్సిజన్ పీడనం 40 మి.మీ. దగ్గర, ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ వాటా, అంటే సంతృప్తత, 75 శాతం దగ్గర ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ ధమనికంటే సుమారు 6 మి.మీ. ఎక్కువ, పీహెచ్ 0.03 మేర తక్కువ. అంటే పీహెచ్ విషయంలో సిర పెద్దగా తప్పుదారి పట్టించదు. ఆక్సిజన్ విషయంలో పూర్తిగా పట్టిస్తుంది. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ 97 చూపుతుంటే నివేదికలో సంతృప్తత 72 అని వస్తే మొదట అనుమానించాల్సింది ఊపిరితిత్తులను కాదు, సూది దిగిన చోటును. (చూడండి: పల్స్ ఆక్సీమీటర్, సిర రక్త వాయు పరీక్ష)

గాలి బుడగ

సముద్రమట్టం దగ్గర గదిలోని గాలిలో ఆక్సిజన్ పీడనం దాదాపు 150 మి.మీ.; కార్బన్ డయాక్సైడ్ దాదాపు సున్నా. సిరంజిలో గాలి బుడగ ఉంటే రక్తం ఈ రెండు విలువల వైపు జరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ బుడగలోకి పోతుంది, దాంతో పీహెచ్ పెరుగుతుంది. ఆక్సిజన్ విషయంలో దిశ రోగిని బట్టి ఉంటుంది: రక్తంలో 60 ఉంటే పైకి, 100 శాతం ఆక్సిజన్ మీద ఉన్న రోగి రక్తంలో 400 ఉంటే కిందికి. ‘బుడగ ఆక్సిజన్‌ను పెంచుతుంది’ అని విద్యార్థులు గుర్తుపెట్టుకునే వాక్యం సగమే నిజం.

మార్పు ఎంత అన్నది హిమోగ్లోబిన్‌ను బట్టి ఉంటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తంలో బుడగ నుంచి వచ్చిన ఆక్సిజన్‌ను హిమోగ్లోబిన్ పట్టేసుకుంటుంది కాబట్టి పీడనం కొద్దిగానే పెరుగుతుంది. హిమోగ్లోబిన్ అప్పటికే నిండిపోయి ఉంటే అదనంగా వచ్చిన ప్రతి అణువూ ప్లాస్మాలోనే కరగాలి, పీడనం చప్పున మారిపోతుంది. అందుకే ఎక్కువ ఆక్సిజన్ మీద ఉన్న రోగి నమూనాలో రక్త పరిమాణంలో 1 శాతమంత బుడగ కూడా లెక్కలోకి వస్తుంది.

ఒక పెద్ద బుడగ కంటే నురగలా విడిపోయిన చిన్న బుడగలే ఎక్కువ చేటు. రక్తానికి తగిలే ఉపరితలం పెరుగుతుంది. బుడగను తీయకుండా సిరంజిని అరచేతుల మధ్య దొర్లించినా, గాలి ఒత్తిడితో నమూనాలను మోసుకెళ్లే గొట్టాల్లో వేసి పంపినా ఇదే జరుగుతుంది. క్రమం ఇలా ఉండాలి: సూది బయటికి తీసిన వెంటనే సిరంజి మొనను పైకి పట్టి, వేలితో తట్టి, బుడగను గాజుగుడ్డలోకి నెట్టి, మూత బిగించి, ఆ తర్వాతే కలపాలి. కలపడం ముందయితే మిగతాదంతా వృథా.

హెపారిన్ పలచన

రక్తం గడ్డకట్టకుండా వాడాల్సింది హెపారిన్ మాత్రమే. మామూలు రక్త పరీక్షల గొట్టాల్లో ఉండే ఈడీటీఏ, సిట్రేట్ పీహెచ్‌ను మారుస్తాయి, కాల్షియంను పట్టేస్తాయి. పొడి హెపారిన్ పూత ఉన్న ప్రత్యేక సిరంజిలు వచ్చాక పలచన సమస్య దాదాపు తీరింది. అయితే వాటి ధర ఎక్కువ కావడంతో మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఇప్పటికీ మామూలు 2 మి.లీ. సిరంజిలోకి వయల్ నుంచి ద్రవ హెపారిన్ లాగి, గోడలు తడిపి, మిగిలింది బయటికి నెట్టి వాడతారు. గట్టిగా నెట్టినా సిరంజి మొనలో, సూదిలో కలిపి సుమారు 0.1 మి.లీ. మిగులుతుంది. సరిగా నెట్టకపోతే 0.2 మి.లీ.

దాని ఫలితం లెక్కవేసి చూడవచ్చు. 0.2 మి.లీ. హెపారిన్ ఉన్న సిరంజిలోకి 0.8 మి.లీ. రక్తమే వచ్చిందనుకుందాం. హెపారిన్ ద్రవంలో కార్బన్ డయాక్సైడ్ గానీ బైకార్బొనేట్ గానీ లేనట్టే కనుక రెండూ అయిదో వంతు తగ్గుతాయి. అసలు రక్తంలో 40, 24 ఉన్నవి కాగితం మీద 32, 19 అవుతాయి. రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి కాబట్టి పీహెచ్ 7.40 దగ్గరే ఉంటుంది. ఈ మూడు అంకెలనూ కలిపి చూసిన వైద్యుడికి జీవక్రియా ఆమ్లత, శ్వాసపరమైన క్షారత కలిసి ఉన్న రోగి కనిపిస్తాడు. సెప్సిస్‌లో, కాలేయ వైఫల్యంలో కనిపించే చిత్రం సరిగ్గా ఇదే. రోగికి అవేవీ లేకపోవచ్చు, సిరంజిలో హెపారిన్ ఉంది అంతే.

హిమోగ్లోబిన్ కూడా అదే మేర తగ్గుతుంది. ఉదయం ప్రయోగశాల 11 గ్రాములని చెప్పిన రోగికి వాయు యంత్రం 9 చూపితే, రక్తస్రావం కోసం వెతికే ముందు పలచన సంగతి అడగాలి. అయనీకృత కాల్షియం రెండు విధాలా దెబ్బతింటుంది: పలచన వల్ల కొంత, హెపారిన్ అణువు కాల్షియంను పట్టుకోవడం వల్ల ఇంకొంత. దీనికోసమే కాల్షియం సమతుల్యం చేసిన హెపారిన్ తయారుచేస్తున్నారు. హెపారిన్ మరీ తక్కువైతే ఎదురు సమస్య: చిన్న గడ్డలు యంత్రపు సన్నటి నాళంలో అడ్డుపడి ఆ యంత్రాన్నే కొంతసేపు ఆపేస్తాయి.

ఆలస్యం, మంచు

సిరంజిలోని రక్తకణాలు ఆక్సిజన్‌ను, గ్లూకోజ్‌ను వాడుకుంటూ కార్బన్ డయాక్సైడ్‌ను, లాక్టేట్‌ను వదులుతుంటాయి. 37 డిగ్రీల దగ్గర గంట గడిస్తే కార్బన్ డయాక్సైడ్ సుమారు 5 మి.మీ. పెరిగి, పీహెచ్ సుమారు 0.05 తగ్గుతుంది. చల్లగా ఉంటే ఈ వేగం బాగా పడిపోతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర 30 నిమిషాల్లోపు, లాక్టేట్ కావాలంటే అంతకంటే త్వరగా పరీక్షించాలన్నది ప్రామాణిక సూచన. ఆ సూచనలో గది ఉష్ణోగ్రత అంటే 20–25 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రామగుండంలో బయట 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని వార్డు నుంచి ఆవరణ దాటి ల్యాబ్‌కు నడిచే సిరంజికి ఆ అరగంట వర్తించదు.

తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు లక్ష దాటిన ల్యుకీమియా రోగుల్లో ఈ దోషం నిమిషాల్లోనే బయటపడుతుంది. అన్ని కణాలు ఒక్కసారిగా ఆక్సిజన్‌ను తినేయడంతో నివేదికలో పీడనం దారుణంగా తగ్గి ఉంటుంది. రోగి మాత్రం హాయిగా మాట్లాడుతుంటాడు. దీన్ని మిథ్యా ఆక్సిజన్ కొరత అంటారు. ప్లేట్‌లెట్లు విపరీతంగా పెరిగినప్పుడూ ఇది కనిపిస్తుంది. ఇలాంటి రోగుల్లో పల్స్ ఆక్సీమీటర్‌నే ఎక్కువ నమ్మాలి.

మంచులో పెట్టి పంపడం అనే అలవాటు గాజు సిరంజిల కాలం నాటిది. గాజు గోడ గుండా వాయువు పోదు కనుక అప్పట్లో ఆ పద్ధతి సరైనదే. ప్లాస్టిక్ గోడ గుండా ఆక్సిజన్ నెమ్మదిగా లోపలికి చొరబడుతుంది. చల్లబడిన రక్తం ఎక్కువ ఆక్సిజన్‌ను కరిగించుకుంటుంది, హిమోగ్లోబిన్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, దాంతో బయటి నుంచి మరింత లోపలికి వస్తుంది. యంత్రం రక్తాన్ని మళ్లీ 37 డిగ్రీలకు వేడిచేసినప్పుడు అదంతా విడుదలై పీడనం ఎక్కువగా కనిపిస్తుంది. మంచు వల్ల కణాల పొరలోని సోడియం-పొటాషియం పంపు మందగించి పొటాషియం కూడా బయటికి వస్తుంది; మంచుగడ్డకు నేరుగా తగిలితే ఎర్రకణాలు పగిలి అది ఇంకా పెరుగుతుంది. కనుక ప్లాస్టిక్ సిరంజిని మంచులో పెట్టకుండా 30 నిమిషాల్లో పరీక్షించడమే నేటి పద్ధతి. అంతకు మించి ఆగక తప్పదనుకుంటే గాజు సిరంజిలో తీసి, మంచునీళ్లలో ఉంచాలి. గాజు సిరంజిలు చాలావరకు పోయి ఎన్నో ఏళ్లయినా మంచు ట్రే మాత్రం కొన్ని వార్డుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

కలపకపోవడం, ఎర్రకణాల పగులు

నిలబెట్టిన సిరంజిలో ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి. కలపకుండా యంత్రానికి ఇస్తే మొనలోకి వచ్చిన భాగాన్ని బట్టి హిమోగ్లోబిన్ ఎక్కువో తక్కువో వస్తుంది. అరచేతుల మధ్య దొర్లించి, తలకిందులు చేసి, మొనలోని మొదటి చుక్కలను వదిలేయాలి. గట్టిగా కుదిపితే, సన్నటి సూదిలోంచి బలంగా లాగితే ఎర్రకణాలు పగులుతాయి. మామూలు ల్యాబ్‌లో రక్తాన్ని తిప్పి విడదీసిన సీరం ఎర్రగా కనిపిస్తే ఇది తెలిసిపోతుంది. వాయు యంత్రం మొత్తం రక్తాన్నే కొలుస్తుంది కాబట్టి పగులు కంటికి కనిపించదు. పెరిగిన పొటాషియం ఒక్కటే అచ్చులోకి వస్తుంది.

ధమనిలో అమర్చిన గొట్టం నుంచి తీసేటప్పుడు

ఐసీయూలో పదేపదే గుచ్చకుండా ధమనిలో గొట్టం వేసి ఉంచుతారు. అది మూసుకుపోకుండా సెలైన్ నెమ్మదిగా ప్రవహిస్తుంటుంది. ఆ ద్రవాన్ని పూర్తిగా లాగి పారేయకుండా నమూనా తీస్తే హెపారిన్ పలచనలో చూసిన చిత్రమే, పైగా సోడియం, క్లోరైడ్ పెరిగి కనిపిస్తాయి. గొట్టంలో పట్టే పరిమాణానికి కనీసం మూడింతలు తీసి పక్కన పెట్టాలన్నది సాధారణ నియమం. సెలైన్ బదులు పొరపాటున గ్లూకోజ్ ద్రవం తగిలించిన సందర్భాలు అన్నిటికంటే ఘోరమైనవి: నమూనాలో చక్కెర ఎక్కువగా కనిపించి, ఇన్సులిన్ ఇచ్చి, అసలు చక్కెర పడిపోయి మెదడు దెబ్బతిన్న ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

ఉష్ణోగ్రత, ఎత్తు

యంత్రం ఏ రోగి రక్తాన్నయినా 37 డిగ్రీల దగ్గరే కొలుస్తుంది. శరీరం ఒక డిగ్రీ చల్లబడితే పీహెచ్ సుమారు 0.015 పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ పీడనం సుమారు 4.5 శాతం తగ్గుతుంది. గుండె ఆపరేషన్లలో శరీరాన్ని చల్లబరిచినప్పుడు అంకెలను శరీర ఉష్ణోగ్రతకు సవరించాలా వద్దా అనే చర్చ ఆల్ఫా-స్టాట్, పీహెచ్-స్టాట్ అనే రెండు పద్ధతులుగా స్థిరపడింది. (చూడండి: అల్ప ఉష్ణ శస్త్రచికిత్స)

ఎత్తు నమూనా దోషం కాదు, చదవడంలో దోషానికి కారణం. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఉంది. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ వాతావరణ పీడనం 50 మి.మీ. వరకు తక్కువ. మామూలు గాలి పీల్చే ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం విశాఖలో లెక్కప్రకారం 100 దగ్గర వస్తే హైదరాబాద్‌లో 90 దగ్గర వస్తుంది. ఈ పీడనాన్ని లెక్కకట్టే సమీకరణంలో వాతావరణ పీడనంగా ఎక్కడున్నా 760 వేసేవారు హైదరాబాద్ రోగి ఊపిరితిత్తుల్లో లేని లోపాన్ని చూస్తారు.

నివేదికలో దోషాన్ని పట్టుకోవడం

హైడ్రోజన్ అయాన్ల గాఢత, 24ను కార్బన్ డయాక్సైడ్ పీడనంతో హెచ్చించి బైకార్బొనేట్‌తో భాగిస్తే వచ్చే విలువకు సమానం కావాలి, పీహెచ్ 7.40కి ఇది లీటరుకు 40 నానోమోల్స్. అంకెలు పొంతన కుదిరాయో లేదో చూసే ఈ పద్ధతిని పాఠ్యపుస్తకాలు తప్పనిసరిగా నేర్పుతాయి. దాని పరిమితిని అంత గట్టిగా చెప్పవు. యంత్రం బైకార్బొనేట్‌ను ఇదే సమీకరణంతో లెక్కకడుతుంది కాబట్టి బుడగ ఉన్న నమూనా, పలచబడిన నమూనా, సిర నుంచి తీసిన నమూనా అన్నీ ఈ పరీక్షలో నెగ్గుతాయి. పైన లెక్కవేసిన 32, 19నే తీసుకుంటే జవాబు 40కి అతి దగ్గరగా వస్తుంది. ఈ పద్ధతి పట్టుకునేది ఫోనులో అంకె తప్పు విన్నప్పుడో, కేస్ షీటులో తప్పు రాసినప్పుడో మాత్రమే.

నమూనా దోషాన్ని పట్టించేవి నివేదిక బయటి ఆధారాలు: మంచం పక్కన మెరుస్తున్న పల్స్ ఆక్సీమీటర్, ఉదయపు హిమోగ్లోబిన్, పొటాషియం, అన్నిటికీ మించి రోగి ముఖం. మామూలు గాలి పీలుస్తున్న వ్యక్తికి ఆక్సిజన్ 140 వచ్చిందంటే అది బుడగ కావచ్చు, లేదా ఆక్సిజన్ మాస్కు సంగతి కాగితం మీద రాయకపోవడం కావచ్చు. కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావంలో వ్యవహారం వేరు: సాధారణ యంత్రం సంతృప్తతను పీడనం నుంచి లెక్కకడుతుంది కాబట్టి అది మామూలుగానే కనిపిస్తుంది, పల్స్ ఆక్సీమీటర్ కూడా మోసపోతుంది. అక్కడ సంతృప్తతను నేరుగా కొలిచే కో-ఆక్సీమీటర్ తప్పనిసరి.

కొలత తర్వాత

రోగి పేరు మారడం, ఎంత ఆక్సిజన్ ఇస్తున్నారో రాయకపోవడం, శరీర ఉష్ణోగ్రత నమోదు చేయకపోవడం ఈ దశ దోషాలు. చివరిది సమయం. నివేదిక మీద యంత్రం అచ్చువేసేది నమూనా తన లోపలికి వచ్చిన వేళను. రక్తం తీసిన వేళ యంత్రానికి తెలియదు. ఎవరైనా చేత్తో నమోదు చేస్తేనే అది కాగితం మీదికి వస్తుంది.